జిల్లా పేరు మారిననాడు

మా ప్రాంతంలో గడప దాటకుండానే మూడు జిల్లాలలో కాపురం చేసిన పెద్దవారు యింకా కొందరు వున్నారు. 1965 అక్టోబరు 2వ తేదీ దాకా హోసూరూ కృష్ణగిరీ సేలం జిల్లాలో వుండేవి. ఆనాడు ధర్మపురి జిల్లా యేర్పడగా అందులో చేరాయి. 2004 ఫిబ్రవరి 9న ధర్మపురిని రెండుగా చేసి కృష్ణగిరి జిల్లాను కల్పించారు. నడుమ, 1969 జనవరి 14న, మద్రాసు రాష్ట్రం పేరే తమిళనాడు అయింది. యిల్లు అదే, బావి అదే, వాకిట్లో చింతచెట్టు అదే. మారింది వుత్తరం మీద చివరి రెండు వరుసలు.

ఆ చివరి వరుసల వల్ల మా చేతిమీదుగా జరిగిన ఒక పొరపాటును యిన్నాళ్లూ యెక్కడా రాయలేదు. ఇప్పుడు రాయబుద్ధి పుట్టడానికి కారణం 2025 సెప్టెంబరులో హోసూరులో ఒక నేతిదుకాణం దగ్గర చూసిన వింత. ఆ నెల 22వ తేదీ నుంచి నెయ్యి మీది జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. దుకాణదారు కొడుకు బిల్లులు వేసే ప్రోగ్రామును రాత్రికి రాత్రి సవరించాడు. సవరించడమంటే, ప్రోగ్రాములో 12 అని కనబడినచోటల్లా 5 అని మార్చమని యంత్రానికి వొక్క ఆజ్ఞ యిచ్చి నిద్రపోయాడు. తెల్లవారి చూస్తే పన్ను సరిగానే వుంది గాని, డజనుకు అయిదు సీసాలయినాయి, సంవత్సరానికి అయిదు నెలలయినాయి. యేడాది ఖాతా వున్న ఒక హోటలువారికి యేప్రిల్ నుంచి ఆగస్టు వరకే లెక్క తేలింది. అక్కడున్నవారంతా నవ్వారు. మేము నవ్వలేకపోయాము. సరిగ్గా అదే పని, అంతకంటె చెడ్డగా, మేము ఒకప్పుడు చేసివున్నాము.

1998లో మా సంఘానికి నాలుగు వందల పైచిలుకు సభ్యులు. పత్రిక వేసిన ప్రతి నెలా చిరునామాలు చేత్తో రాయడానికి నలుగురు మనుషులు రెండు సాయంత్రాలు కూర్చునేవారు. మేము అప్పట్లో ఒక కర్మాగారంలో లెక్కల విభాగంలో పని చేస్తూ, సాయంత్రాలు ఫాక్స్‌ప్రో అనే భాష కొద్దిగా నేర్చుకున్నాము. ఆ వుత్సాహంలో చిరునామాలు అచ్చువేసే ప్రోగ్రాము మేమే రాశాము. అది కూనిరాగాలు తీస్తూ చీటీలు కక్కుతూ వుంటే సంఘంలో మాకు దొరికిన మర్యాద యింతా అంతా కాదు.

మేము రాసిన పద్ధతి చెప్పవలసి వుంది. హోసూరు సభ్యుడికి చీటీ వేసేచోట కింది వరుసగా "ధర్మపురి జిల్లా, తమిళనాడు" అని అక్షరాలా రాసేశాము. చందా రసీదు వేసేచోట మళ్లీ అదే. యేడాది జాబితా వేసేచోట మళ్లీ అదే. అదే మాటను కావలసినచోటల్లా మళ్లీ మళ్లీ చెక్కుకుంటూ పోయాము. దీన్ని యీ వృత్తివారు హార్డుకోడు అంటారు. రాతిమీద చెక్కినట్టు రాయడం అనుకోవచ్చు. రాసేటప్పుడు యెంత సుఖమో! పేరు వెతుక్కోనక్కర లేదు, ఆలోచించనక్కర లేదు.

ఇంకొక యేర్పాటు కూడా అందులో వుంది. కృష్ణగిరి, హోసూరు, డెంకణికోట సభ్యుల పత్రికలను తపాలాకు యివ్వకుండా కట్టలు కట్టి బస్సులో పంపేవాళ్లము. ఒక్కొక్క వూళ్లో ఒక్కొక్క పెద్దమనిషి వాటిని యింటింటికీ పంచేవారు. తపాలా ఖర్చు మిగిలేది. ఊరి గడిలో కృష్ణగిరి అని వుంటే కృష్ణగిరి కట్ట, హోసూరు అని వుంటే హోసూరు కట్ట, మరేదయినా తపాలా; యిది ప్రోగ్రామే తేల్చేది.

2004 ఫిబ్రవరిలో జిల్లా మారింది. మార్చి సంచిక కొత్త జిల్లా పేరుతో వెళ్లాలని మాకు పట్టుదల. "ధర్మపురి" అని వున్నచోటల్లా "కృష్ణగిరి" అని మార్చమని, ప్రోగ్రాములోనూ, చిరునామాల పట్టికలోనూ, ఒకేసారి ఆజ్ఞ యిచ్చాము. యంత్రం క్షణంలో చేసింది. యెన్ని మార్చానో చెప్పింది కూడా. ఆ సంఖ్య చూసి తృప్తి పడ్డామే గాని అది యెందుకంత పెద్దదని అడగలేదు.

ధర్మపురి పట్నంలోనే వున్న మా సభ్యులు నాలుగో రోజుకే టెలిఫోను చేశారు. వారి వూరే మారిపోయి, వారి పత్రికలన్నీ కృష్ణగిరి కట్టలోకి వెళ్లాయి. పాలక్కోడు, హరూరు సభ్యులకు వూరు మారలేదు గాని, జిల్లా మారింది. ఆ తాలూకాలు ధర్మపురిలోనే మిగిలాయి గదా. వారివి పిన్ కోడు పుణ్యమా అని యెలాగో చేరాయి. తెలిసిన యిళ్లు కాబట్టి గుర్తు తెచ్చుకుని ఒక్కొక్కటే వెనక్కి దిద్దాము. పని అయిపోయిందనుకున్నాము.

గోదావరి వొడ్డున యింకొక ధర్మపురి వుందని చదువరులకు తెలుసు. నరసింహస్వామి క్షేత్రం. అప్పటికి అది ఆంధ్రప్రదేశ్‌లో కరీంనగర్ జిల్లా. మా సంఘంలో మొదటినుంచీ వున్న ఒక తెలుగు మేష్టారు, యీ ప్రాంతపు బడులలో ముప్పై యేళ్లు చెప్పినవారు, పోయిన తరువాత ఆయన భార్య అక్కడ కూతురి దగ్గర వుండేవారు. సంఘం సహాయనిధి నుంచి మూడు నెలలకొకసారి ఆమెకు ఒక డిమాండు డ్రాఫ్టు పంపేవాళ్లము. పెద్ద మొత్తం కాదు. పత్రికతోబాటు అదే కవరులో పెట్టేవాళ్లము.

ఆ కవరు మీద మార్చి నెల నుంచి "కృష్ణగిరి, కరీంనగర్ జిల్లా" అని పడింది. ఊరి గడిలో కృష్ణగిరి అని వుంది కాబట్టి ప్రోగ్రాము దాన్ని కృష్ణగిరి కట్టలో వేసింది. అక్కడ పంచే పెద్దమనిషికి ఆ పేరు తెలియదు. యెవరో కొత్త సభ్యురాలు, వచ్చి అడుగుతారులే అని దుకాణం సొరుగులో వేశారు. ఆయన తప్పు లేదు. సభ్యుల కవరు విప్పి చూడకూడదన్న నియమం మేము పెట్టిందే.

అక్టోబరులో ఆమె దగ్గరనుంచి ఒక కార్డు వచ్చింది. మేష్టారిలాగే గుండ్రటి అక్షరాలు. నిధిలో యిబ్బంది వున్నట్టున్నది, డబ్బు సంగతి తాను అడగడం లేదు, పత్రిక ఒక్కటి మాత్రం వీలుంటే పంపమని, అందులో శాశ్వత సభ్యుల పట్టికలో ఆయన పేరు చూసుకుంటూ వుంటానని రాశారు.

ఆ కార్డును మేము చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాము. తరువాత బస్సెక్కి కృష్ణగిరి వెళ్లాము. సొరుగులో యెనిమిది కవర్లు వున్నాయి, వాటిలో మార్చి, జూన్, సెప్టెంబరు డ్రాఫ్టులు మూడు. అప్పట్లో డ్రాఫ్టుకు ఆరు నెలల గడువు వుండేది. మొదటిదానికి గడువు దాటిపోయింది. డబ్బు మళ్లీ కట్టాము. ఆ యెనిమిది నెలలు ఆమె మా గురించి యేమనుకున్నారో దానికి కట్టేందుకు యేమీ లేకపోయింది.

ఆ దీపావళికి మా మేనల్లుడు సెలవులకు వచ్చాడు. అప్పుడు ఇంజనీరింగు చదువుతున్నాడు. ప్రోగ్రామంతా అచ్చు తీసి, నేలమీద పరిచి, యెర్ర సిరాతో గుర్తులు పెడుతూ పోయాడు. "మామా, ధర్మపురి అనే మాట యిందులో యెన్ని తావుల వుండాదో తెలుసునా? ముప్పైయొక్క తావుల. ఒక తావున వత్తు పోయి వుండాది, దాన్ని నీ ఆజ్ఞ ముట్టనే లేదు. నువ్వు యీ మాటకు ఒక పేరు పెట్టి, విలువ ఒక తావునే రాసి వుంటే యీ కత వచ్చేదే కాదు" అన్నాడు.

మాకు అప్పుడు సరిగా అర్థం కాలేదు. ఊరికి పేరు వుంది గదా, మళ్లీ పేరేమిటి అన్నాము. వాడు చెప్పిన దానికంటె మాకు తరువాత తోచిన పోలికే చెప్పితే యీ పత్రిక పెద్దలకు సులభంగా వుంటుంది.

1957 ఏప్రిల్ 1న మన దేశంలో దశాంశ నాణేలు వచ్చాయి. రూపాయికి పదహారణాలు పోయి నూరు నయాపైసలు వచ్చాయి. అణాకు సరిగ్గా ఆరుంబావు పైసలు. బజారులో అది ఆరయి కూర్చున్నది. ఖాతా పుస్తకంలో "నాలుగణాలు" అని రాసుకున్న వర్తకుడు ప్రతి పేజీలో కొట్టివేసి 25 అని రాయవలసి వచ్చింది. "పావలా" అని రాసుకున్నవాడు కలం యెత్తనక్కర లేకపోయింది. పావలా అంటే రూపాయిలో నాలుగోవంతు. దాని విలువ నాలుగణాలా, యిరవై అయిదు పైసలా అన్నది రూపాయి లెక్క చూసుకుంటుంది. 2011 జూన్ 30 నుంచి పావలా నాణెం చెల్లకుండా పోయినా, పావలా వడ్డీ అన్న మాట మాత్రం పోలేదు. ప్రోగ్రాములో పేరు పెట్టడమంటే యిదే. ఒకచోట, పైన, "నెయ్యి పన్ను శాతం అంటే 12" అని రాసిపెట్టుకుని, కింద లెక్క వేసే ప్రతిచోటా "నెయ్యి పన్ను శాతం" అనే వాడడం. పన్ను తగ్గిననాడు పై వరుసలో వొక్క అంకె మారుస్తే చాలు. డజనులోని పన్నెండూ, నెలలలోని పన్నెండూ వేరే పేర్లతో వుంటాయి కాబట్టి వాటి జోలికి యెవరూ పోరు.

పేరు పెట్టమన్నారు గదా అని కొందరు కుర్రవాళ్లు "పన్నెండు అంటే 12" అని రాస్తారట. పన్ను తగ్గినప్పుడు "పన్నెండు అంటే 5" అని దిద్దవలసి వస్తుంది! బిడ్డ నల్లగా వున్నాడని నల్లయ్య అని పిలవడం వేరు, లెక్కలో పేరు పెట్టడం వేరు. అంకె యెంత అన్నది కాక, అది యెందుకు అక్కడ వున్నది అన్నది పేరులో వుండాలి.

ఇంకొక లాభం మా మేనల్లుడు ఆ యెర్ర గుర్తు దగ్గర వేలు పెట్టి చూపించాడు. వత్తు పోయిన ధర్మపురి కొటేషను గుర్తుల నడుమ వున్నంతకాలం యంత్రానికి అది తప్పని తెలియదు. అది యే మాటయినా మోస్తుంది, పోస్టుమానుకు వుత్తరంలోని తప్పులు పట్టనట్టే. అదే, పెట్టిన పేరును తప్పుగా రాస్తే, యిటువంటి పేరుగలవారు యిక్కడ లేరని ఫాక్స్‌ప్రో ఆగిపోయి మొరపెడుతుంది. అన్ని భాషలూ యింత నిజాయితీగా వుండవు; కొన్ని పాత బేసిక్‌లు తప్పు పేరును కొత్త పేరనుకుని సున్న విలువతో ముందుకు సాగిపోయేవి. మా వూరి పేరు సంగతి చూడండి. హొసూరు అని కన్నడంవారు, ఒసూర్ అని తమిళంవారు, హోసూరు అని మనము. ఇంగ్లీషులో కూడా రెండు మూడు విధాల రాయవచ్చు. నాలుగు చేతులు నాలుగు విధాల రాస్తే, యంత్రం దృష్టిలో అవి నాలుగు వూళ్లు.

ఈ బుద్ధి కంప్యూటరుతో పుట్టిందని మేము అనుకోము. ఆ విద్యలో కూడా అది మెల్లగానే పెరిగింది. 1957లో ఐబీఎం వారి ఫోర్ట్రాన్ వచ్చినప్పుడు పేరుకు ఆరక్షరాలకు మించి చోటు లేదు. కోబాల్ వచ్చేసరికి ముప్పై అయినాయి. మారని విలువకు పేరు పెట్టే వసతి ఫోర్ట్రాన్‌కు 77 ప్రమాణంతో గాని రాలేదు. మన భూముల లెక్క అంతకంటె పాతది. 1792లో శ్రీరంగపట్టణం సంధితో బారామహల్ కుంపిణీవారి చేతికి వచ్చినప్పుడు కెప్టెన్ రీడ్, ఆయన కింద థామస్ మన్రో, యీ కృష్ణగిరి ప్రాంతంలో పొలాలు కొలిపించి రైతుతోనే నేరుగా శిస్తు నిర్ణయించే పని మొదలుపెట్టారు. ఆ దారినే వచ్చి, యీనాడు పొలానికి సర్వే నంబరు వున్నది. పొలం యెవరిది అన్నది పట్టా పుస్తకంలో ఒకచోట మారుతుంది. నంబరు అలాగే వుంటుంది. ఐనా దస్తావేజులలో హద్దులు రాయడం మానలేదు. "తూర్పున ఫలానావారి మామిడితోట" అని మా తాతగారి దస్తావేజులో వుంది. ఆ ఫలానావారు తోట అమ్మి అరవై యేళ్లయింది. తోట కొట్టివేసి లారీలు నిలుపుతున్నారు. ఆ హద్దు పట్టుకుని పోతే కోర్టుకే పోవాలి. నంబరు పట్టుకుని పోతే పొలానికి పోవచ్చు.

ఇక మా ప్రోగ్రాము సంగతి. పేరు పెట్టాము, "జిల్లా" అని. విలువ "కృష్ణగిరి" అని పైన రాశాము. పని అయిపోయిందని కాఫీ తెమ్మన్నాము. వాడు తల వూపాడు. "మామా, మనవాళ్లు అందరూ ఒకే జిల్లాలో వుండారా?" అన్నాడు. నిజమే. కొత్త జిల్లాలోకి వచ్చినవి కృష్ణగిరి, హోసూరు, పోచంపల్లి, వూత్తంగరై, డెంకణికోట అనే అయిదు తాలూకాలు. ఒక్క పేరు పెట్టి వుంటే పాలక్కోడువారు మళ్లీ కృష్ణగిరిలో చేరి వుండేవారు. పేరు ఒక్కటి అయితే చాలదు, పట్టిక కావాలి. కాబట్టి ప్రతి వూరికీ ఒక చిన్న గుర్తు యిచ్చి, ఆ వూరు యే తాలూకా, ఆ తాలూకా యే జిల్లా, ఆ జిల్లా యే రాష్ట్రం అని వేరువేరు పట్టికలు చేశాము. సభ్యుని చిరునామాలో వూరి గుర్తు మాత్రమే వుంటుంది. మన ధర్మపురికి ఒక గుర్తు, గోదావరి ధర్మపురికి ఇంకొకటి. అంతకుముందు రెండింటినీ వేరు చేసింది మా జ్ఞాపకం ఒక్కటే, అది యెటువంటిదో చెప్పేవున్నాము.

అన్నిటికీ పేర్లు పెట్టమని మేము అనడం లేదు. చీటీ పైన "శ్రీయుతులు" అని ఒకచోటే వస్తుంది, దానికి పేరెందుకు? ఆ వూపులో మేము చుక్కకూ కామాకూ కూడా పేర్లు పెట్టబోతే మేనల్లుడే వారించాడు. నూరు పేర్లు గల ప్రోగ్రాము చదవడం పెళ్లివారింట్లో కొత్తకోడలు బంధువులను గుర్తుపట్టడం లాంటిది.

ఆ పట్టికలు యిప్పటికీ వున్నాయి. ప్రోగ్రాము భాష రెండుసార్లు మారింది, యంత్రాలు నాలుగుసార్లు మారాయి. తరువాత బర్గూరు, శూలగిరి, అంచెట్టి తాలూకాలయినాయి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క వరుస. 2019లో హోసూరు పురపాలకసంఘం కార్పొరేషన్ అయింది, ఒక వరుస. నేతిదుకాణం కుర్రవాడికి యిదంతా ఒక సాయంత్రం చెప్పాము. ఓపికగా విన్నాడు. పన్ను శాతానికి పేరు పెట్టాడు. డజనుకు పెట్టలేదు, డజను యెప్పుడూ మారదు గదా అంటాడు. ఒకందుకు నిజమే.

మేష్టారి భార్యకు కవరు 2004 నవంబరు నుంచి మళ్లీ తపాలాలో వెళ్లసాగింది. జరిగినదంతా ఆమెకు రాశాము, తప్పు మాదేనని. జవాబులో ఆమె ఆ మాట యెత్తలేదు, సంచికలు అందాయని మాత్రం రాశారు. 2014 జూన్ 2న తెలంగాణా రాష్ట్రం వచ్చినప్పుడు రాష్ట్రాల పట్టికలో కరీంనగర్ యెదుట ఒక మాట మార్చాము. 2016 అక్టోబరు 11న జగిత్యాల జిల్లా అయినప్పుడు ఆ వూరి యెదుట ఒక మాట, కొత్త జిల్లాకు ఒక వరుస. ఆ నవంబరు సంచిక అందిన తరువాత కార్డు వచ్చింది. అక్షరాలు అప్పటికి కొంచెం వణుకుతున్నాయి. మా జిల్లా మారి యింకా నెల కాలేదే, యిక్కడ మా వీధిలో బోర్డు కూడా మార్చలేదు, హోసూరులో వున్న మీకు యెట్లా తెలిసింది అని అడిగారు.